గాజుబొమ్మలో ఉమ్మడి గోడ

మధ్యాహ్నం వేళ, మేడమీద ఒంటిగది ఆఫీసు. కట్టబోయే ఇళ్లకి కంప్యూటర్లో బొమ్మలు చేసే మేనల్లుడి పక్కన, చెప్పా పెట్టకుండా వచ్చి కూర్చుంది అతని పెద్ద మేనమామ భార్య. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే అలవాటు ఆ కుటుంబంలో ఎవరికీ లేదు.

"మళ్లీ మార్చు."

"ఏమైందత్తా, ఇది బాగాలేదా?"

"బాగుంది. మరీ బాగుంది. మన ఇల్లు ఇంత బాగుండడమేమిట్రా? అందుకే అనుమానం."

"ఇంకా కట్టలేదు కదత్తా. కట్టని ఇళ్లన్నీ బాగానే ఉంటాయి."

"మాటలు బాగా నేర్చావు. ఆ తెలివేదో నీ ఆఫీసు గుమ్మం మీద పెట్టి ఉంటే బాగుండేది. నుదురు చూడు, బొప్పి కట్టింది."

"అయ్యో, సారీ అత్తా. వచ్చేవాళ్లెవరికీ తగల్లేదు ఇంతవరకూ. నీ అంత పొడుగువాళ్లు రారు మరి."

"నిచ్చెన అను, ఫరవాలేదు. పెళ్లిచూపుల నాటినించీ మీ మామయ్య అంటున్నదే. నాకూ గుమ్మాలకీ పడదులే. ఆ పాత వంటింటి గుమ్మమైతే నన్ను చంపుకు తినేది. మీ చిన్నత్త లోపలినించి 'అక్కా, తల!' అని కేకేసేది. అది కేకేసే లోపే ఢామ్మని తగిలేది."

"ఇప్పుడు కేకేస్తోందా?"

"ఇప్పుడు తగిలితే వినబడనట్టు కూర దించుకుంటుంది. మాట్లాడుకోవడమే లేదు, కేకలొకటా? సర్లే, మార్చు. ముందు ఈ కుర్చీ సంగతి చూడు. ఇంత కిందికి దించి చచ్చావేమిటి? మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి."

"పొద్దున ఎవరో కస్టమరు దించుకున్నారు. ఉండు, పైకి లేపుతాను."

"ఎవరు?"

"ఎవరో ఒకరు. రోజుకి చాలామంది వస్తారు."

"నిన్ననే కదరా, పనుల్లేవని మీ అమ్మ దగ్గర ఏడ్చావు?"

"అబ్బా అత్తా! దేనికి మార్చమంటావో చెప్పు. రంగుల్లో చూశావు, పెన్సిల్లో చూశావు."

"మొత్తం ఎన్ని రకాలున్నాయి?"

"స్టైళ్లంటారు వీటిని. ఇల్లు ఒకటే, చూపించే తీరు మారుతుంది. ఇదిగో, ఇది రంగుల బొమ్మ. ఫొటో తీసినట్టుంటుంది. గోడకి వేసిన రంగు, నేలమీద పడ్డ ఎండ, కుండీలో మొక్క, అన్నీ ఉంటాయి. ఇది పెన్సిల్ బొమ్మ. చేత్తో గీసినట్టుంటుంది. ఇది తెల్లబొమ్మ. రంగులేం లేకుండా సుద్దతో చేసినట్టు. ఇంకా..."

"ఊఁ, ఇంకా?"

"ఇంకా ఏవో ఉంటాయి. అవి మా పనికి పనికొచ్చేవి. మీకక్కర్లేదు."

"మాకేం అక్కర్లేదో నువ్వెప్పటినించి చూస్తున్నావు?"

"అది కాదత్తా..."

"రేపు మామయ్యలిద్దరికీ ఏది చూపిస్తావు?"

"రంగులది."

"ఎందుకు?"

"బాగుంటుందని."

"బాగుంటుందని! వాళ్లిద్దరినీ రేపు ఒకే గదిలో పక్కపక్కన కూచోబెట్టడానికి మీ అమ్మ ఆ గడపకీ ఈ గడపకీ కాళ్లరిగేలా తిరిగింది. తోడబుట్టినవాళ్లిద్దరూ దానిమీద ఎగిరిపడితే, ఇద్దరిచేతా తిట్లు తిని మరీ ఒప్పించింది. ఇద్దరూ ఈ బొమ్మ చూసి సరేనంటేనే ఆ పాతిల్లు పడగొట్టి రెండిళ్లు కట్టడం. ఏ ఒక్కడికి కంట్లో నలుసంత అనుమానం వచ్చినా స్థలం అమ్మేసుకుని చెరో దిక్కుకీ పోవడమే. ఇంక జన్మలో ఒకళ్ల గుమ్మం ఒకళ్లు తొక్కరు. తెలుసా నీకు?"

"తెలుసత్తా. అమ్మ నాకు అన్నం పెడుతూ కూడా అదే చెబుతోంది."

"మరి ఆ గోడ సంగతి?"

"అదీ తెలుసు. ఇటు మీ ఇల్లు, అటు చిన్న మామయ్య ఇల్లు, మధ్యలో ఉమ్మడి గోడ. మీ గేటు ఈ వీధిలోకి, వాళ్లది ఆ మూల తిరిగాక పక్క వీధిలోకి. గోడకి తలుపుండకూడదు, కిటికీ ఉండకూడదు, వెంటిలేటరు కూడా..."

"చీమ దూరే సందు ఉండకూడదు. మీ మామయ్య అన్నమాట అది. దానికి తమ్ముడుగారు 'చీమ కాదు, గాలి కూడా' అన్నాడు. మోటారు గొడవ తరవాత అన్నదమ్ములిద్దరూ కలిసి ఒప్పుకున్నది ఆ గోడొక్కటే."

"ఒక్క మోటారు ఆపడం మర్చిపోతే ఇంత దూరం వచ్చింది."

"మర్చిపోయింది నీ చిన్న మామయ్యే కదా! మోటారు వేసేసి, ఎవరిదో ఫ్యాను ముందేసుకుని రిపేరు చేస్తూ కూచున్నాడు. ట్యాంకు పొంగి, గోడంతా కారి, మీ మామయ్య కుట్టి పెట్టిన పెళ్లిబట్టల మూట తడిసి ముద్దయింది. 'నీకు బుద్ధుందా' అన్నాడు ఈయన. 'గోడవార పెట్టినవాడికి ఉందా' అన్నాడు ఆయన. బట్టలు మర్నాటికి ఆరిపోయాయిరా. మాటలే ఇంకా ఆరలేదు."

"నువ్వూ చిన్నత్తా కూడా అన్నారుగా."

"అన్నాం. మొగుళ్లు అరుస్తుంటే మేం మాత్రం చేతులు కట్టుకు కూచుంటామా? అవన్నీ ఇప్పుడెందుకు? ఆ గోడ చూపించు. వంటిళ్ల వైపునించి."

"వెనకవైపు ఇంకా అవలేదత్తా."

"మొత్తం అయిపోయిందని మీ అమ్మ చెప్పిందే?"

"అమ్మకేం తెలుసు? వంటిళ్లలో అరలూ గట్టూ ఇంకా పెట్టాలి. ముందువైపు చూడు, హాలు పూర్తిగా అయింది. సోఫా కూడా వేశాను."

"సోఫా ఎవడిక్కావాలి? సరే, హాల్లోనే చూపించు. తెల్లబొమ్మలో పెట్టు."

"రంగుల్లో అయితే బాగా..."

"తెల్లబొమ్మ."

"ఇదిగో."

"ఇంకొంచెం దగ్గరికి. గోడ మీదికి. ఇంకా. ఆఁ, ఆపు. ఆ గీతేమిటి?"

"ఏ గీత?"

"నేను మీ మామయ్య కుట్టిన ప్రతి చొక్కాకీ కుట్లు సరిచూసి గుండీలు కుట్టే మనిషిని. అతుకెక్కడుందో నాకు కనపడకపోతే ఇంకెవరికి కనపడుతుంది? గోడ మధ్యలో అడ్డంగా అతుకుంది."

"ఓ, అదా? కంప్యూటరు గీసే గీత. ఒక్కోసారి లెక్కల్లో చిన్న తేడా వచ్చి అలా..."

"మరి రంగుల బొమ్మలో లేదే?"

"రంగుల్లో పైన ప్లాస్టరింగ్ పూత ఉంటుంది కదా."

"పెన్సిల్ బొమ్మలో?"

"అది చేత్తో గీసినట్టుంటుంది, అన్ని గీతలూ రావు."

"అంటే ఒకదాంట్లో పూత పూసి దాచావు, ఇంకోదాంట్లో గీయకుండా దాచావు. రేపు చూపించేది రంగుల బొమ్మ. భలే!"

"అత్తా, నువ్వు మరీను. నేనేదో గూఢచారి అయినట్టు."

"మా పనికొచ్చేవి వేరే ఉన్నాయన్నావే, అవి తియ్యి."

"అవి చూస్తే నీకు తల తిరుగుతుంది."

"ఇప్పటికే బొప్పి కట్టింది. తియ్యి."

"ఇదిగో, గీతలబొమ్మ. చాలా?"

"సాలెగూడులా ఉందేమిటిది? ఏది గోడో ఏది నేలో తెలియడం లేదు."

"నేను ముందే చెప్పానుగా! ఇందులో అన్ని అంచులూ ఒకేసారి కనపడతాయి. కావాలంటే ఇదే చూస్తూ కూచో. ఎంతసేపైనా చూసుకో."

"అంత సంబరంగా చూసుకోమంటున్నావంటే ఇందులో నాకు దొరికేదేం లేదన్నమాట. ఇంకోటి?"

"ఇంకేం లేవు."

"ఈ పక్కన కళ్లజోడు గుర్తుందే, ఏమిటది?"

"అదా? అది... ఎక్స్‌రే."

"అంటే?"

"అంటే గోడలన్నీ గాజుతో చేసినట్టు కనపడతాయి. లోపల పైపులూ అవీ చూసుకోవడానికి. మీ ఇంట్లో పైపులింకా వెయ్యలేదు కాబట్టి..."

"నొక్కు."

"కంప్యూటరు పాతదత్తా, అది నొక్కితే బిగుసుకుపోతుంది."

"బిగుసుకుపోయేది అది కాదు, నువ్వు. చెమటలు చూడు. నొక్కుతావా, నన్ను నొక్కమంటావా?"

"నొక్కుతున్నాను."

"ఇదేమిట్రా?"

"ఏది?"

"నీళ్లు నమలకు. గోడంతా గాజులా ఉంది. మధ్యలో ఇదొక్కటీ నల్లగా, అడ్డంగా, పట్టీలా. ఏమిటిది?"

"లింటెల్."

"తెలుగులో ఏడువు."

"గుమ్మం మీద వేసే సిమెంటు దూలం. పైన గోడ బరువంతా అది మోస్తుంది. అది ఉంటే కింద ఇటుకలు లేకపోయినా గోడ కూలదు."

"గుమ్మమేదీ మరి?"

"లేదు."

"గుమ్మం లేనిచోట గుమ్మం దూలమెందుకు? ఒరేయ్, నిన్నే."

"ఎప్పుడైనా, కావాలనుకుంటే... కింద ఇటుకలు తీసేయొచ్చని."

"తీసేస్తే?"

"గుమ్మమవుతుంది."

"ఎక్కడికి?"

"వాళ్ల హాల్లోనించి మీ హాల్లోకి. మీ హాల్లోనించి వాళ్ల హాల్లోకి కూడా."

"మా హాల్లోకి! చీమ దూరకూడదన్న గోడకి మనిషి దూరే ఏర్పాటు! పైకి చక్కగా ప్లాస్టరింగ్! ఎంత ప్లాను వేశాడ్రా నీ చిన్న మామయ్య!"

"చిన్న మామయ్యని నేనన్నానా?"

"ఇంకెవరు? నీకు సైకిల్ నేర్పించాడు, ఈత నేర్పించాడు, పరీక్ష తప్పితే మీ నాన్నకి తెలియకుండా దాచాడు. ఆయన అడిగితే నువ్వు కాదంటావా? నాకు తెలుసురా, మొదటినించీ నువ్వు ఆ పక్షమే. ఇవాళ దూలం పెట్టిస్తాడు, రేపు ఒక్క సుత్తి దెబ్బ వేసి హాల్లో కుర్చీ వేసుకు కూచుంటాడు. తరవాత గోడే అడ్డమంటాడు."

"అలా ఏం కాదత్తా, విను..."

"వినను. రేపు ఇక్కడికి రావడం దేనికి? ఇప్పుడే వెళ్లి మీ మామయ్యకి చెబుతాను. ఇల్లూ వద్దు, గోడా వద్దు, అమ్మేసుకుని పోదాం అంటాను."

"అత్తా, కూచో. దయచేసి కూచో. అమ్మ చచ్చిపోతుంది. ఒక్క నిమిషం... ఉండు, ఫోను. హలో? ఆఁ, మామయ్యా. చెప్పండి. లేదు, లేదు, ఎవరూ లేరు. ఒక్కణ్నే ఉన్నాను. ఆఁ. ఆఁ. కనపడదు. రంగుల్లో అస్సలు కనపడదు. నేను చూసుకుంటాను కదా. లేదు, వాళ్లకేం తెలీదు. పెట్టేస్తున్నాను మామయ్యా, తరవాత..."

"ఇలా ఇవ్వు ఫోను."

"అత్తా, వద్దు."

"ఎవరూ లేరా? ఒక్కడివే ఉన్నావా? నా ఎదురుగా ఎంత ధైర్యంరా! ఇవ్వు, ఆయనగారినే అడుగుతాను, ఎన్నాళ్లనించీ సాగుతోంది ఈ భాగోతమని. ఏదీ, ఎక్కడుంది నంబరు... ఇదేమిటి? ఇది... పెద్ద మామయ్య అనుందేమిట్రా?"

"అందుకే వద్దన్నాను."

"ఇది మా ఆయన నంబరు."

"అవునత్తా."

"ఇప్పుడు మాట్లాడింది మా ఆయనా?"

"ఊఁ."

"ఈ దూలం... మా ఆయన పెట్టమన్నాడా?"

"ఊఁ."

"చీమ దూరకూడదన్నదే ఆయన కదరా!"

"అన్నాడు. అందరి ముందూ అన్నాడు. తరవాత ఒక మధ్యాహ్నం టేపు మెడలో వేసుకునే వచ్చాడు, కొట్టులోనించి సరాసరి. వచ్చి చాలాసేపు ఎండ గురించి మాట్లాడాడు. వెళ్లబోతూ, చెప్పులేసుకుంటూ అడిగాడు. 'హాలు గోడలో ఒక దూలం ముక్క పెట్టొచ్చురా? ఊరికే, గట్టిదనానికి' అన్నాడు. ఒక్క ముక్క పెడితే గట్టిదనం రాదు మామయ్యా అన్నాను. అప్పుడు చెప్పాడు."

"ఏమని?"

"'వాడికి చిన్నప్పటినించీ ఆయాసం ఉంది. ఎప్పుడైనా పిలిస్తే, ఈ గేటు తీసి, మూల తిరిగి, ఆ వీధిలోకి వెళ్లి, వాళ్ల గేటు కొట్టి... అంతసేపు వాడాగగలడా? పిలవడనుకో. పిలిస్తే మాట' అన్నాడు. నీకు మాత్రం చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు. 'మీ అత్తకి తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది' అన్నాడు."

"నేనా?"

"గోడ ఇంకా మందంగా కట్టించమన్నది నువ్వే కదత్తా."

"కోపంలో అంటాం, సవాలక్ష. అన్నవన్నీ పట్టుకుని నా దగ్గర దాచేస్తాడా? నా పక్కన పడుకుని, రోజూ దొంగలా... రాత్రిళ్లు అటువైపు ఎవరైనా దగ్గితే లేచి కూచుంటుంటే, నేనే పిచ్చిదాన్ని, దాహమేస్తోందేమో అనుకుని మంచినీళ్లిచ్చేదాన్ని."

"ఏడవకత్తా."

"ఏడవడం లేదు. నీ తెరలో వెలుతురెక్కువ. ఉండు, ఇదేమిటి?"

"ఏది?"

"ఇదీ. హాల్లోది కాదు. మెట్ల దగ్గర. ఇక్కడా ఒక పట్టీ ఉంది. ఆయనే రెండు పెట్టమన్నాడా?"

"కాదు."

"మళ్లీ మొదలెట్టావు! ఒక్కో ముక్కా పట్టకారుతో లాగాలి నీ నోట్లోంచి. ఎవరిదిరా ఇది?"

"చిన్న మామయ్యది."

"చూశావా? చెప్పానా, లేదా?"

"పూర్తిగా విను. అక్కడెందుకు పెట్టమన్నాడో తెలుసా? మెట్ల కింద వాళ్లవైపు మోటారు స్విచ్చి వస్తుంది. 'నాకెలాగూ మతిమరుపు. నేను మోటారు వేసి మర్చిపోతే అన్నయ్య ఇటొచ్చి ఆపేసి, నాలుగు తిట్టి పోతాడు' అన్నాడు."

"అంటే జన్మలో వాడు మోటారు ఆపడన్నమాట!"

"నేనూ అదే అడిగాను. నవ్వాడు. నవ్వి, కళ్లు తుడుచుకుని, 'అన్నయ్యకి చెప్పకురా, లోకువైపోతాను' అన్నాడు."

"ఇద్దరికీ ఒకళ్ల సంగతి ఒకళ్లకి తెలీదా?"

"తెలీదు. ఇద్దరూ విడివిడిగా వచ్చారు, విడివిడిగా ఒట్టేయించుకున్నారు. రంగుల బొమ్మే చూపించమని ఇద్దరూ చెప్పారు. నేను గోడమీద పిల్లిలా కూచున్నాను. చెప్పేసి ఒట్టు తీసి గట్టునపెడదామా అంటే, 'నేనెప్పుడన్నాను' అని ఇద్దరూ ఎదురు తిరిగితే? రేపు అమ్మ ముందు నేనే దొంగనవుతాను."

"ఆ పని చెయ్యగలరు ఇద్దరూ. పౌరుషానికేం తక్కువ లేదు."

"అది సరే. ఇప్పుడు నేనొకటి అడుగుతాను, కోప్పడవుగా?"

"అడుగు."

"నువ్వెందుకొచ్చావు?"

"బొమ్మ చూద్దామని."

"రేపు మామయ్యతో కలిసి చూడొచ్చుగా."

"రేపు... జనంలో సరిగ్గా కనపడదని."

"నలుగురు జనమా? వచ్చినప్పటినించీ చూస్తున్నానత్తా. ఇల్లెలా ఉందని ఒక్కసారి అడగలేదు. ఏ బొమ్మలో గోడ లోపలిది కనపడుతుంది, ఏ బొమ్మలో కనపడదు, రేపు మామయ్యలకి ఏది చూపిస్తావు, ఇవే ప్రశ్నలు. నువ్వు నన్ను అనుమానిస్తున్నావనుకున్నాను. ఇప్పుడు నాకే నీమీద అనుమానంగా ఉంది."

"ఓసోస్! పోలీసు!"

"వంటిళ్ల వైపు చూపించమని మొదటే అడిగావు."

"ఆడదాన్ని, వంటిల్లు కాక మరేం అడుగుతాను?"

"అత్తా."

"ఏమిట్రా?"

"నీళ్లు నమలకు."

"బుడ్డిది ఉంది చూశావూ?"

"చిన్నత్త కూతురా?"

"దానికి నేనే జడేసేదాన్ని. వాళ్లమ్మ వేస్తే లాగుతుందని, పొద్దున్నే దువ్వెన పట్టుకుని వంటింట్లో నా కాళ్ల దగ్గర కూచునేది. పొయ్యి మీద ఒక కన్ను, దాని జడమీద ఒక కన్ను. ఇప్పుడు వంటింటి ఛాయలకే రాదు. మొన్న వీధిలో కనపడింది. జడ వంకరగా ఉంది. పిలుద్దామని నోటిదాకా వచ్చింది. ముఖం తిప్పుకుని పోయింది. చిన్నపిల్లకేం తెలుస్తుంది, ఇంట్లో చెప్పి ఉంటారు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సయించలేదురా నాకు."

"అయితే?"

"అయితే ఏముంది? వంటింటి గోడలో... చిన్న కంత."

"కంతా?"

"ఊఁ. చిన్నది."

"ఎంత చిన్నది?"

"పిల్ల పట్టేంత."

"అంతేనా?"

"పిల్ల వస్తే వెనకాలే తల్లి రాదూ, ఎక్కడికిపోయిందని? మనిషి పట్టేంతే పెట్టు. ఇప్పుడు తెరవక్కర్లేదు. పైన ఏదైనా వేసి ఉంచితే, ఎప్పటికైనా... నీ దూలాల సంగతి నాకేం తెలుసు? అలాంటిది ఏదో ఉంటుందని మేస్త్రి పెళ్లాం చెబితే వచ్చాను. రాగానే గోడలో అతుకు కనపడేసరికి, నేను అడగబోయేదే అవతలివాళ్లు అడిగేశారు, అదీ ఇల్లు ఆక్రమించుకోవడానికే అనుకున్నాను. నాది మంచికీ, వాళ్లది చెడ్డకీ అనిపించింది. చూడు నా బుద్ధి!"

"అంటే మూడోది. ఇంకొకటి పెడితే అది గోడ కాదత్తా, వసారా అవుతుంది."

"వేళాకోళం ఆపు. పెడతావా, పెట్టవా?"

"రేపు ఏ బొమ్మ చూపించాలో ముందు అది తేల్చు."

"గాజుబొమ్మ పెట్టు. ఇద్దరూ ఒకళ్ల దూలం ఒకళ్లు చూసుకుని చావనీ. పౌరుషాలన్నీ అక్కడే దిగుతాయి."

"గాజుబొమ్మ పెడితే నీదీ కనపడుతుంది మరి."

"నాది దాచెయ్యి."

"గాజులో దాచడం కుదరదత్తా. కనపడితే అన్నీ కనపడతాయి."

"అయితే గాజు వద్దు. పెన్సిల్ బొమ్మ పెట్టు."

"అదేమిటి? ఇప్పుడేగా..."

"మీ చిన్నత్త కూడా వస్తుంది కదరా రేపు! గోడ మందంగా కట్టించమని అందరి ముందూ అరిచింది నేను. ఇప్పుడు వెనకదారిన వచ్చి కంత అడిగానని తెలిస్తే అది నవ్వదూ? 'చూశారా, వచ్చింది' అని మూతి తిప్పదూ? మొగవాళ్లకేం, పోట్లాడుకుంటారు, కౌగలించుకుంటారు. దాని ముందు నేను చులకన కాలేను. కానే కాను. పెన్సిల్ బొమ్మే."

"మామయ్యలిద్దరూ తెలియకుండానే ఉండిపోనీ అంటావా? రేపు ఏ చిన్నమాటో పట్టుకుని మళ్లీ లేచిపోతే? స్థలం అమ్మేసుకుంటే దూలాలెక్కడ పెట్టను?"

"నన్ను చంపకు. నాకు తెలుసు. అయినా కాదు. దాని ముందు కాదు."

"సరే. ఒక్కసారి వెనకవైపు చూద్దువుగాని, తిప్పుతున్నాను."

"వెనకవైపు అవలేదన్నావుగా?"

"అబద్ధం చెప్పాను."

"నీ... ఏదీ?"

"ఇవిగో వంటిళ్లు. ఇటు నీది, అటు చిన్నత్తది. గాజుబొమ్మే ఇది."

"అరే. పెట్టేశావా? నేను నోరు తెరవకముందే పెట్టేశావా? నా మనసులో మాట నీకెలా తెలిసిందిరా?"

"నీ మనసులో మాట నాకేం తెలుసత్తా? అది నీకోసం పెట్టింది కాదు."

"మరి?"

"ఆ కుర్చీ కిందికి దించింది ఎవరనుకున్నావు?"

"కస్టమరన్నావు. ఎవరో పొట్టి... ఒరేయ్. అదా? అది వచ్చిందా ఇక్కడికి?"

"పొద్దున. చెప్పా పెట్టకుండా వచ్చింది, నీలాగే. ఏ బొమ్మలో కనపడుతుంది, ఏ బొమ్మలో కనపడదు అని నా ప్రాణం తీసింది, నీలాగే."

"ఉండరా. చూడనీ. సరిగ్గా పొయ్యి పక్కనే పెట్టించింది, పాత వంటింట్లో దువ్వెనల గూడు ఉండేచోట. మరి ఇదేమిటి ఇలా ఉంది? మిగతా రెండూ ఒకే ఎత్తున ఉన్నాయి. ఇదొక్కటీ ఇంత పైకుందేమిటి? తప్పు పెట్టినట్టున్నావు, సరిగ్గా చూసుకో."

"తప్పు కాదత్తా. నేను అన్నిటితో సమానంగానే పెట్టాను. చిన్నత్తే నా పక్కన నిలబడి, ఇంకొంచెం పైకి, ఇంకొంచెం పైకి అంటూ జరిపించింది. 'అక్కకి తల తగలకూడదు' అంది."